శ్రవణ సందేహాలు: టిప్పు ముందు, తీగ తరువాత

ఇన్-ఇయర్ మానిటర్ల (చెవి రంధ్రంలోకి దించి వినే చిన్న ఇయర్‌ఫోన్ల) గురించి కిందటి సంచికలో ఒక చిన్న జవాబు రాసిన తరువాత, ఆంధ్ర సరిహద్దుకు ఇటువైపు ఒడిశా ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వాటి కొసకు తొడిగి చెవిలో పెట్టుకునే మెత్తని టిప్పుల మీద, కేబుళ్ల మీద ఉన్నాయి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను బడిలో తెలుగు చెబుతాను. కచేరీలు వినడం కోసం దాదాపు యాభై వేల రూపాయలు పోసి ఇన్-ఇయర్ మానిటర్లు తెప్పించుకున్నాను. గాత్రం, వయొలిన్ ఎంతో స్పష్టంగా ఉన్నాయి గాని మృదంగం మాత్రం రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తోంది. భువనేశ్వర్‌లో ఉండే మా బావమరిది, వెండి పూత కేబుల్ వేస్తే మంద్రం నిండుగా వస్తుందని, పన్నెండు వేలకు ఒకటి ఉందని అంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఆ పన్నెండు వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కేబుల్‌వి కావు, చెవిలో గాలి కారుతున్నప్పటివి.

ఇన్-ఇయర్ మానిటర్‌లోని డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే భాగం, చాలా చిన్నది. అది మంద్రస్థాయిని పలికించగలుగుతున్నది గదినిండా గాలిని కదిలించి కాదు, టిప్పుకూ కర్ణభేరికీ మధ్య మూసుకుపోయిన ఆ కాస్త చోటులోని గాలిని నొక్కి వదలడం వల్ల. ఆ మూతలో ఎక్కడైనా సన్నని సందు ఉంటే నెమ్మదిగా ఊగే మంద్రతరంగాల ఒత్తిడి దాని గుండా బయటికి పోతుంది. వేగంగా ఊగే తారస్థాయి తరంగాలకు అంత నష్టం ఉండదు. అందువల్లనే మీకు వయొలిన్ కమాను ఒరిపిడి కూడా తెలుస్తూ, మృదంగంలో కుడివైపు చాపు వినిపిస్తూ, ఎడమవైపు తొప్పి గుమకం మాత్రం మాయమైంది. వెంట్రుక దూరే సందు చాలు, ఇంత పనీ చేయడానికి.

ఒక తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం) పెట్టుకొని, వింటూ ఉండగానే రెండు మానిటర్లనూ చూపుడు వేళ్లతో మెల్లగా లోపలికి అదిమి చూడండి. గట్టిగా వద్దు, పండు మగ్గిందో లేదో చూసేటంత ఒత్తిడి చాలు. తొప్పి శబ్దం ఒక్కసారిగా నిండుగా వచ్చి, వేళ్లు తీయగానే మళ్లీ పల్చబడితే జబ్బు ఏమిటో తెలిసిపోయినట్టే. మరో పరీక్ష, పాట ఏమీ పెట్టకుండా, మానిటర్లు చెవుల్లో ఉండగానే రెండు ముక్కలు పైకి మాట్లాడడం. చెవులు సరిగా మూసుకుంటే మన గొంతు మనకే కుండలో మాట్లాడినట్టు బొంగురుగా వినిపించాలి.

ఇక టిప్పు ఎంపిక. పెట్టెలో వచ్చిన వాటిలో మధ్య సైజును తొడిగి ఊరుకోవడం మనలో చాలామంది చేసే పని. సుఖంగా ఉంది కదా అని చిన్నది వేసుకుంటే గాలి కారుతుంది. పోనీ అని పెద్దది తోస్తే దాని అంచు లోపల మడతపడి, ఆ మడత గుండా మళ్లీ గాలి కారుతుంది. కాబట్టి బయటికి తీసిన వెంటనే టిప్పు అంచును వెలుతురులో చూడండి. ఒకవైపు నొక్కుకుపోయిన గీత ఉంటే అది మీకు పెద్దదని అర్థం. పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యమే. కుడిచెవికి పెట్టేటప్పుడు ఎడమచేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిడొప్పను పైకి, వెనక్కు లాగితే వంకరగా ఉండే కర్ణనాళం కాస్త తిన్ననై టిప్పు సులువుగా దిగుతుంది. సిలికాన్ టిప్పును తడివేలితో ఒకసారి తుడిస్తే ఇంకా బాగా జారుతుంది. అన్నట్టు, కిళ్లీ నములుతూ వినే అలవాటు ఉంటే దవడ కదిలినప్పుడల్లా కర్ణనాళం ఆకారం మారి టిప్పు సడలుతుంది. అది టిప్పు తప్పు కాదు.

సైజులన్నీ ప్రయత్నించినా కుదరకపోతే విడిగా అమ్మే టిప్పులకు వెళ్లవచ్చు. ఫైనల్ సంస్థ ‘టైప్ ఇ’ టిప్పులు అయిదు సైజులలో దొరుకుతాయి. మధ్య సైజు కొంచెం వదులు, పెద్దది కొంచెం బిగువు అనిపించేవారికి ఆ సూక్ష్మమైన తేడాలు ఉపకరిస్తాయి. స్పిన్‌ఫిట్ వారివి మెడ దగ్గర తిరుగుతాయి కనుక నాళం వంకర ఎక్కువగా ఉన్న చెవులకు నప్పుతాయి. ఆజ్లా వారి జెలాస్టెక్ రకం ఒంటి వేడికి మెత్తబడి చెవి గోడకు అంటుకుంటుంది, పట్టు గట్టిదే గాని దుమ్ము, నూగు కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. 1991లో ఎటిమోటిక్ సంస్థ ఈఆర్-4తో పరిచయం చేసిన మూడంచెల టిప్పు అన్నిటికంటే లోతుగా దిగి బయటి శబ్దాన్ని బాగా ఆపుతుంది. కాని ఆ లోతును భరించగలవారు తక్కువ, నేను భరించలేను.

కొనేముందు మీ మానిటర్ నాజిల్ (టిప్పు తొడిగే గొట్టం) లావు తప్పక చూసుకోవాలి. షూర్, వెస్టోన్, ఎటిమోటిక్ వారి నాజిళ్లు దాదాపు 3 మిల్లీమీటర్ల సన్ననివి. తక్కిన చాలా సంస్థలవి 5, 6 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. సన్నని నాజిల్‌కు వెడల్పు రంధ్రం టిప్పు తొడిగితే మానిటర్ బయటికి వస్తుంది, టిప్పు చెవిలో ఉండిపోతుంది. అలా ఎప్పుడైనా జరిగితే పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో ప్రయత్నించకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నా ఎడమచెవికి మధ్య సైజు, కుడిచెవికి చిన్న సైజు సరిపోతున్నాయి. ఇలా వేరువేరుగా వాడితే శబ్దం అటూ ఇటూ ఒరిగిపోదా?
– ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: ఒరగదు. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండడమే అరుదు. ఒకే సైజు పట్టుబట్టి వాడి ఒక పక్క గాలి కారితేనే శబ్దం ఒరుగుతుంది. నా బల్ల మీద పాత బిస్కట్ డబ్బా నిండా ఉన్న టిప్పులలో సగం ఒంటి టిప్పులే, వాటి జోడీలు చెవుల్లో ఉన్నాయి.

ప్రశ్న: రాగి కేబుల్ వెచ్చగా, వెండి కేబుల్ మెరుపుగా పలుకుతుందని అంటారు. విద్యుత్తు తీగ పైపొర మీదుగానే ప్రవహిస్తుంది కనుక వెండి పూత చాలునని కూడా చదివాను. నా దగ్గర ఉన్నది తొమ్మిది ఓముల ఇంపీడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు) ఉన్న షూర్ ఎస్ఈ846 మానిటర్. శుద్ధమైన వెండి కేబుల్ కొంటే తేడా వినిపిస్తుందా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అభిప్రాయాలు ఎన్ని ఉన్నా ఈ విషయంలో లెక్క వేయవచ్చు, వేద్దాం.

వెండి రాగి కంటే మెరుగైన వాహకమే, అయితే ఆ మెరుగు 5, 6 శాతం మాత్రమే. మానిటర్ కేబుళ్లలో మామూలుగా కనిపించే 26 గేజి రాగి తీగకు మీటరుకు 0.134 ఓము నిరోధం ఉంటుంది. కేబుల్ పొడవు 1.2 మీటర్లు అనుకుంటే, విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి కనుక దారి 2.4 మీటర్లు, నిరోధం సుమారు 0.32 ఓము. అంతే లావు వెండి తీగకు అది 0.30 ఓము. అంటే మీరు వేలు పోసి కొనబోయే తేడా ఒక ఓములో యాభయ్యో వంతు. పైపొర సిద్ధాంతం నిజమే గాని అది పనిచేసేది ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ పొర మందం 0.46 మిల్లీమీటరు, మన 26 గేజి తీగ పూర్తి వ్యాసమే 0.4 మిల్లీమీటరు. కాబట్టి చెవికి వినిపించే శబ్దాల మేరకు విద్యుత్తు తీగ అంతటా దాదాపు సమానంగానే పారుతుంది.

అయితే నిరోధానికి అసలు ప్రభావమే లేదని అనడం లేదు. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం డ్రైవర్లు అనేకం పెట్టిన మానిటర్లలో ఇంపీడెన్స్ అన్ని స్థాయిల దగ్గరా ఒకేలా ఉండదు. ఒక మానిటర్‌కు ఒకచోట 8, మరొకచోట 30 ఓములు ఉన్నాయనుకోండి. దానికి ముందు 10 ఓముల నిరోధం ఉన్న ఆంప్లిఫయర్ పెడితే 8 ఓముల చోట శబ్దం 7 డెసిబెళ్లు, 30 ఓముల చోట రెండున్నర డెసిబెళ్లు తగ్గుతుంది. నాలుగున్నర డెసిబెళ్ల ఆ తేడా ఎవరికైనా స్పష్టంగా వినిపించేది, మానిటర్ స్వభావాన్నే మార్చేది. అదే లెక్కను 0.32, 0.30 ఓముల మధ్య వేస్తే వచ్చే మార్పు డెసిబెల్‌లో యాభయ్యో వంతు కూడా లేదు. కనుక మీ తొమ్మిది ఓముల మానిటర్ విషయంలో అడగవలసిన ప్రశ్న తీగ వెండిదా రాగిదా అన్నది కాదు, దాన్ని తగిలించే పరికరం ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే దాని సొంత నిరోధం, ఎంత అన్నది. అది ఒక ఓము లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

మీది పట్టుచీరల ఊరు కనుక ఈ మాట తేలికగా అర్థమవుతుందని రాస్తున్నాను. జరీలో వెండి ఎంత ఉందో తూచి చీర ధర కట్టరు, నేతకు కడతారు. కేబుల్‌కూ నేతకే కట్టండి. చుట్టి పెడితే ఉండచుట్టుకోకుండా మెత్తగా వాలుతుందా, చొక్కా కాలరుకు రాసుకున్నప్పుడు ఆ రాపిడి చెవిలో గరగరమని వినిపిస్తుందా, చెవి వెనుక వంపు కళ్లజోడు కాడను ఒత్తుతుందా అన్నవి చూసుకోండి. నేను ఒకసారి ఎనిమిది పేటల లావైన అల్లిక కేబుల్ కొన్నాను, చూడడానికి జడగంటల జడలా ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. దాని బరువుకు మానిటర్లు కిందికి జారి, పావుగంటకు ఒకసారి టిప్పులు సడలి, మంద్రం కారిపోయేది. కేబుల్ శబ్దాన్ని మార్చడం నేను నిస్సందేహంగా విన్నది ఆ ఒక్కసారే.

ప్రశ్న: పాత కేబుల్ తెగితే కొత్తది తెప్పించి వేశాను. టిప్పులు పాతవే, చెవిలో బాగానే కూర్చున్నాయి. అయినా మంద్రం లేదు, పాడేవారి గొంతు నడుమ నిలబడకుండా తలకు అటూ ఇటూ చెదిరినట్టు ఉంది. గుణుపురం నుంచి విశాఖపట్నం వెళ్లే ప్యాసింజర్‌లో కూర్చుని విన్నంతసేపూ తలనొప్పే. మానిటర్ పాడైందా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మానిటర్‌కు ఏమీ కాలేదు. మీది రెండు పిన్నుల కేబుల్ అయి ఉంటుంది, ఒక పక్క పిన్నులు తిరగబడి ఉంటాయి. అప్పుడు ఒక డ్రైవరు ముందుకు వస్తుంటే రెండోది వెనక్కు పోతుంది. రెండు చెవులకూ సమానంగా అందవలసిన మంద్రం, నడిమి గొంతు ఒకదానికొకటి ఎదురై చెదిరిపోతాయి. ఒక్క పక్క కనెక్టర్ మాత్రం పీకి, పిన్నులు అటుదిటు చేసి పెట్టి వినండి. గొంతు చటుక్కున నుదుటి నడుమకు వస్తే అదే లోపం. చెవి వంపు ఆ పక్క తలకిందులవుతుంది గనుక అలాగే వాడడం కుదరదు, అమ్మినవారికి తిప్పి పంపడమే మార్గం. నాకూ ఒక దుకాణం ఇలాంటి కేబులే అంటగట్టింది, లోపం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది.

పిన్నుల లావు కూడా చూసుకోండి. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది 0.78 మిల్లీమీటరు. 0.75 కొలత కేబుళ్లు కూడా ఉన్నాయి, అవి 0.78 రంధ్రంలో వదులుగా ఉంటాయి. 0.78 పిన్నును 0.75 రంధ్రంలోకి బలవంతంగా తోస్తే రంధ్రం సాగి మళ్లీ బిగువు రాదు. ఎంఎంసీఎక్స్ రకం గుండ్రని కనెక్టర్‌కు తిరగబడే బాధ లేదు గాని, మాటిమాటికీ ఊడదీస్తే దాని పట్టు సడలి శబ్దం వచ్చిపోతూ ఉంటుంది. దాన్ని వంచకుండా, మెలిపెట్టకుండా తిన్నగా లాగాలి. సెన్‌హైజర్ ఐఈ 900 వంటి వాటిలో ఎంఎంసీఎక్స్ లోతైన గుంటలో ఉంటుంది, బయటి కేబుళ్లన్నీ అందులో దిగవు.

ప్రశ్న: పాటల్లో ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో సూదిలా గుచ్చుకుంటున్నాయి. ఫోమ్ టిప్పులు వేస్తే తగ్గుతుందన్నారు. అయితే చలికాలం పొద్దున మా ఊళ్లో అవి అట్టముక్కల్లా బిగుసుకుపోతున్నాయి. పైగా పారదర్శకమైన కేబుల్ లోపలి రాగి ఆకుపచ్చగా మారుతోంది. ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, కోరాపుట్

జవాబు: ఫోమ్ బిగుసుకోవడం దాని స్వభావం, నాసిరకమని అనుకోకండి. ఒంటి వేడికి మెత్తబడి చెవి ఆకారం తెచ్చుకునేలా చేసిన పదార్థం అది, మీ కొండల మీది చలికి గట్టిపడక తప్పదు. పెట్టుకునే ముందు గుప్పిట్లో ఒక నిమిషం ఉంచి, వేళ్ల మధ్య వత్తిలా నలిపి, చెవిలో దించిన తరువాత అది పొంగేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచండి.

తారస్థాయి తగ్గుతుందన్నది నిజమే, ఫోమ్ కొంత శబ్దాన్ని పీల్చుకుంటుంది. అయితే అన్ని పాటలకూ ఆ దుప్పటి కప్పేముందు సిలికాన్ టిప్పులతోనే ఒక ప్రయత్నం చేయండి. టిప్పుకూ కర్ణభేరికీ మధ్య మిగిలిన గాలి గొట్టం తన పొడవును బట్టి ఒకచోట స్వయంగా మోగుతుంది. ఆ పొడవు 20 మిల్లీమీటర్లయితే దాదాపు 8,600 హెర్ట్జ్ దగ్గర, 15 మిల్లీమీటర్లయితే 11,400 దగ్గర. మొదటిది సరిగ్గా ఊష్మాక్షరాలు బుసకొట్టే ప్రాంతంలో పడుతుంది. అందుచేత ఒక సైజు చిన్నదైనా మూత చెడకుండా మరికాస్త లోపలికి దిగే టిప్పు దొరికితే, ఆ మోత పైకి జరిగి గుచ్చుకోవడం తగ్గే అవకాశం ఉంది. రంధ్రం కాస్త ఇరుకుగా ఉన్న టిప్పు కూడా తారస్థాయిని కొంత అణచుతుంది. నాజిల్ జాలీకి గులిమి పట్టిందేమో కూడా చూడండి. ఒకవైపు జాలీ మూసుకుపోయి ఆ పక్క శబ్దం తగ్గితే, మనం వాల్యూమ్ పెంచుతాం, రెండోవైపు గుచ్చుకుంటుంది.

సిలికాన్ టిప్పులను మానిటర్ నుంచి ఊడదీసి గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తొడగండి. ఫోమ్‌ను నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవడమే. కొన్ని నెలలకు అది పొంగడం మానేస్తుంది, అప్పుడు పారేయవలసిందే.

కేబుల్ పచ్చబడడం చెమట, తేమ తీగ పైభాగాన చేసే పని. చూడడానికి బాధగా ఉంటుంది గాని లోపలి రాగి చెక్కుచెదరదు, శబ్దం మారదు. కనెక్టర్ల మీద పచ్చదనం కనిపిస్తే మాత్రం ఉపేక్షించకండి, అక్కడ స్పర్శ చెడి గరగరలు వస్తాయి. వానాకాలంలో మానిటర్లను సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టడం మంచిది.

ప్రశ్న: ఫోనుకు డాంగిల్ (హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉన్న చిన్న పరికరం) పెట్టి వింటాను. దానికి 3.5, 4.4 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండూ ఉన్నాయి. 4.4 కేబుల్ కొంటే శబ్దం పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. వాల్యూమ్ ఇప్పటికే ఎక్కువగా పెడుతున్నానని మా అమ్మ గొడవ.
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: 4.4 మిల్లీమీటర్ల ప్లగ్గు 2016లో జపాన్ ప్రమాణంగా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఆస్టెల్ అండ్ కెర్న్ తన ప్లేయర్లతో తెచ్చిన 2.5 ప్లగ్గు సన్నగా, సుకుమారంగా ఉండేది, దాని చోటును ఇది మెల్లగా ఆక్రమించింది. ఈ రెండూ బాలెన్స్‌డ్ రకం ప్లగ్గులు. బాలెన్స్‌డ్ రంధ్రంలో రెండు చెవులకూ తిరుగు తీగలు వేరుగా ఉంటాయి, వోల్టేజి రెట్టింపు దాకా, అంటే 6 డెసిబెళ్ల దాకా ఎక్కువ వస్తుంది. నీ మానిటర్ సులువుగా మోగే రకమైతే ఆ అదనపు బలం నీకు అక్కరలేదు, పైగా నిశ్శబ్దంలో సన్నని హిస్ వినిపించవచ్చు. కేబుల్ ఎలాగూ మార్చాలనుకుంటే 4.4 కొని, 3.5 కోసం చిన్న అడాప్టర్ ఉంచుకో. ఇది ప్రమాదం లేని పద్ధతి. దీనికి తలకిందులుగా, 3.5 కేబుల్‌ను అడాప్టర్‌తో 4.4 రంధ్రంలో మాత్రం ఎప్పుడూ పెట్టకు. రెండు తిరుగు తీగలూ ఒకటైపోయి డాంగిల్ కాలిపోవచ్చు.

మీ అమ్మగారి మాటకు వస్తే, పెద్దలకు 80 డెసిబెళ్ల చొప్పున వారానికి 40 గంటలు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుంది, 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. మీ ఊళ్లో ఉంటూ సవర భాష కోసం కొండలెక్కిన గిడుగు రామమూర్తి పంతులుగారు మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయనకు వేరే దారి లేకపోయింది, నీ వాల్యూమ్ బటన్ నీ చేతిలోనే ఉంది. నువ్వు దాన్ని పెంచుతున్నది బహుశా బయటి రొద లోపలికి వస్తున్నందువల్ల. రాయగడ పాఠకునికి చెప్పిన వేళ్ల పరీక్ష నువ్వూ చేసి చూడు. టిప్పు సరిగా మూసుకున్న తరువాత నీ డాంగిల్‌లో ఎన్ని మెట్లు తగ్గించగలిగావో రాస్తే వచ్చే సంచికలో వేస్తాను.